పదేళ్ల నాటి ఆదిని పక్కన పెట్టించిన టైలరు కొట్టు

తిరుపతి గాంధీ రోడ్డు వెనుక సందుల్లో ఒకదానిలో, గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో, బోర్డు లేని ఆడవాళ్ల టైలరు కొట్టు ఒకటి ఉంది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా కొట్టిన మేకులకు వేలాడే జాకెట్లు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాల్సినంత చోటు, కొట్టు మొత్తం ఇంతే. ఏడాదిన్నరగా నేను అక్కడికి ఇరవైసార్లకు పైగా వెళ్లి ఉంటాను. ఇన్నిసార్లలో కొత్తగా కుట్టించుకున్నవి పదకొండు, సరిచేయించుకున్నవి ముప్పై నాలుగు, తాను కుట్టనని కొట్టు నడిపే ఆమె నా చేతికి తిరిగి ఇచ్చేసినవి ఆరు. ఆ చివరి ఆరింటి వల్లే ఈ కొట్టు గురించి రాయాలనిపించింది.

నా సంగతి కొంత చెప్పకపోతే ఆ కొట్టు చేసిన పని అర్థం కాదు. నేను ఊళ్లోనే ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను, వయసు నలభై నాలుగు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువుకున్న రోజుల నాటి చుడీదార్లు, ఉద్యోగం వచ్చిన కొత్తలో మోజుపడి కొన్న ఫ్యాన్సీ చీరలు, ఇద్దరు పిల్లలు పుట్టాక కొన్న వదులు కుర్తాలు, వీటన్నిటి మీద పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో వచ్చిపడిన పెట్టుబడి చీరలు పేరుకుపోయి రెండు బీరువాలు నిండాయి. ఒకరు పెట్టిన చీరను మరొకరికి పెట్టడం మనలో ఎవరూ పెద్ద తప్పుగా అనుకోరు గానీ, ఎవరు పెట్టిందో చీటీ రాసుకోకపోతే అది తిరిగి వాళ్లింటికే చేరుతుంది, మా ఇంట్లో ఒకసారి చేరింది కూడా. ఒక నెలపాటు ఏ రోజు ఏమి కట్టుకున్నానో డైరీలో రాసి చూసుకుంటే, ఇరవై మూడు పనిదినాల్లో తొమ్మిది జతలే మళ్లీ మళ్లీ వచ్చాయి. మిగిలినవాటిలో సగం ఒంటికి పట్టనివి, సగం పట్టినా వేసుకోబుద్ధి కానివి.

అంతకు ముందు ఊళ్లోనే ఒక పెద్ద బొటిక్‌లో కుట్టించుకునేదాన్ని, దాని పేరు ఇక్కడ అనవసరం. వెంకటగిరి చీరకు అక్కడ 1,400 రూపాయలిచ్చి లైనింగ్ జాకెట్టు కుట్టించుకుంటే, మొదటిసారి ఉతకగానే లోపలి గుడ్డ కుదించుకుపోయి పైగుడ్డ అప్పడంలా ముడతలు తేలింది. మగ్గం మీద నేసేటప్పుడు దారం బిగువుగా లాగి ఉంటుంది కాబట్టి తొలిసారి నీళ్లు తగలగానే ఆ బిగువు వదిలి నూలుగుడ్డ దగ్గరికి చేరుతుంది. అందుకే లైనింగ్‌ను ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక గానీ కత్తెర పెట్టకూడదు. ఈ మాట నాకు ఇప్పుడు తెలుసు. ఆ బొటిక్‌లో అద్దాల గది, చల్లటి గాలి, చేతికి కాఫీ అన్నీ ఉన్నాయి గానీ గుడ్డను బకెట్లో వేసే మనిషి మాత్రం లేరు.

ఈ కొట్టు నడిపే ఆమెకు యాభై దాటి ఉంటాయి, నేను అక్కా అనే పిలుస్తాను. మొదటిరోజు ఆమె అడిగింది ఏ టైలరైనా అడిగేదే, ఆది జాకెట్టు, అంటే కొలతకు చూసుకునే పాత జాకెట్టు, తెచ్చారా అని. తెచ్చాను. దాన్ని బల్ల మీద పరిచి, లోపలి వైపుకు తిప్పి, పక్క కుట్ల మీద బొటనవేలు నడిపించి చూసింది. రెండుసార్లు విప్పి వదులు చేసిన జాడలున్నాయి, మూడోసారి విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. “ఇది మీ ఆది కాదు మేడమ్, పదేండ్ల కిందట మీరుండింది ఇది. దీన్ని పెట్టుకొని ఎంతమంది కుట్టినా ఇట్లనే వస్తాది” అంది. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, కొంచెం నొప్పి కూడా కలిగింది.

తర్వాత ఆమె వివరించింది విన్నాక నా పాత తప్పు తెలిసింది. పదేళ్లుగా వెళ్లిన ప్రతి టైలరుకూ అదే ఆది ఇచ్చి, అర అంగుళం వదులు పెట్టండి, ముప్పావు అంగుళం వదులు పెట్టండి అని చెబుతూ వచ్చాను. మనిషి ఒళ్లు చేసినప్పుడు ఛాతీ, దండచెయ్యి, నడుము పెరుగుతాయి, భుజం వెడల్పు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. చుట్టూ ఒకే లెక్కన వదులు పెట్టించుకుంటే మెడ వెడల్పై భుజం జారుతుంది, చంక దగ్గర మాత్రం పట్టుకోవడం మానదు. జారే భుజాన్ని పిన్నుతో ఆపుకుంటూ, చెయ్యెత్తడానికి జంకుతూ, ఈ వయసుకు చీరలు నాకు నప్పడం లేదని తీర్మానించుకుని కుర్తాల వైపు మళ్లాను. తప్పంతా ఆదిలో ఉంటే నింద చీర మీద వేశానన్నమాట.

కొత్త ఆది తయారుకావడానికి మూడు ట్రయల్సు పట్టింది. పద్నాలుగు కొలతలు తీసుకుని, మామూలు తెల్లటి టూ బై టూ గుడ్డతో ఒక జాకెట్టు కుట్టి, అది వేయించి నన్ను స్టూలు మీద కూర్చోమంది. కంప్యూటరు ముందు కూర్చున్నట్టు చేతులు పెట్టమంది, పై అరలో ఫైలు తీస్తున్నట్టు చెయ్యి ఎత్తమంది, కింద పడిన పెన్ను తీస్తున్నట్టు వంగమంది. “యాడ పట్టుకుంటా ఉండాది?” అని అడుగుతూ నేను చెప్పిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీసింది. ఎన్నో ఏళ్లుగా ఒకే భుజానికి సంచి తగిలించుకోవడం వల్ల కావచ్చు, నా కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి ఉందని రెండో ట్రయల్‌లో ఆమె కనిపెట్టింది. ఆ అర అంగుళాన్ని కుడివైపు భుజం కుట్టులో సర్దేసరికి, వీపు వెనుక అడ్డంగా పడే ముడత పోయింది. నా జాకెట్లన్నిటికీ ఉన్న ఆ ముడతను నేను ఇస్త్రీ లోపం అనుకునేదాన్ని.

ఆది కుదిరాక బీరువాల్లోని బట్టలు విడతలుగా సంచుల్లో వేసుకుని వెళ్లాను. ప్రతిదాన్నీ బల్ల మీద పరిచి ఆమె అడిగింది ఒకే ప్రశ్న, “ఇది ఎప్పుడు వేసుకుంటారు?” చెప్పలేకపోతే పక్కకు తోసేసింది. సొంత శైలి గురించి, బట్టల బీరువాను తేలిక చేసుకోవడం గురించి ఈ మధ్య చాలామంది చాలా చెబుతున్నారు, రంగుల చక్రాలు, ఒంటి ఆకారాలకు పండ్ల పేర్లు అందులో ఉంటాయి. నాకు అవి చేయని సాయం ఈ ఒక్క ప్రశ్న చేసింది. జార్జెట్ కుర్తాలు రెండు, గట్టి పాలియెస్టర్ గౌన్లలాంటివి మూడు, మెరుపురాళ్లు అతికించిన లాంగ్‌కోటు ఒకటి ఆ సంచుల్లోంచి తిరిగి నా చేతికి వచ్చాయి. “మన ఎండకు ఇది ఒంటి మీద నిలవదు మా, ఎంత బాగుచేసినా మీరు వేసుకోరు. నాకు కూలి వస్తాది, మీకు దుడ్డు దండగ” అంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, పాలియెస్టర్ చెమటను పీల్చుకోదు కాబట్టి అది ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. బ్యాంకు లోపల ఏసీలో కూర్చుని ఉన్నంతసేపు ఈ సంగతి తెలియదు, మధ్యాహ్నం మూడింటికి బయటికి అడుగుపెడితే తెలుస్తుంది.

నూలు గుడ్డల్లోనూ అన్నీ ఒకటి కావని అక్కడే నేర్చుకున్నాను. ఒక పౌను బరువు దారంలో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్ని కౌంట్ల నూలు. అంటే వంద కౌంటు దారం పౌనుకు 84,000 గజాలు సాగుతుంది, అంత సన్నం. వెంకటగిరి చీర వేసవిలో కట్టుకున్నట్టే తెలియకపోవడానికి ఆ సన్నపు నూలే కారణం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వెంకటగిరి మన జిల్లాలోకి వచ్చింది గానీ, నెల్లూరు వాళ్లు ఆ చీరను మనకు వదులుకుంటారని నేను అనుకోను. అంత సన్నటి చీరకు ముతక లైనింగు వేసిన జాకెట్టు తొడిగితే పైనొక కాలం, కిందొక కాలం అన్నట్టు ఉంటుంది. అందుకే అలాంటి చీరలకు అక్క లైనింగు లేకుండా పలచని గుడ్డనే రెండు పొరలుగా వేసి కుడుతుంది. ఈ కిటుకు నేను ఇంకే టైలరు దగ్గరా చూడలేదు.

నా బీరువా రూపురేఖలు అసలు మారింది జాకెట్ల వల్ల. చీరతోపాటు వచ్చే ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు గుడ్డను చీరకొకటి చొప్పున కుట్టించుకుంటూ పోవడం నాకు అలవాటు, దాంతో నలభై జాకెట్లలో ఒంటికి పట్టేవి ఏడు మిగిలాయి. అక్క సలహా మీద ఆ లెక్క తలకిందులు చేశాను. నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు కలంకారీ, బూడిదరంగు ఇక్కత్, తెలుపులో జరీచుక్కలది, ఈ ఆరు జాకెట్లతో ఇరవై రెండు చీరలు కట్టగలుగుతున్నాను. అంచు రంగుకు జాకెట్టు అచ్చంగా కలవాలనే పట్టుదల వదిలాక, పదేళ్లుగా మడత విప్పని మంగళగిరి చీరలు కూడా ఆఫీసుకు వచ్చాయి. వీటిలో తెల్లజాకెట్టుకు మాత్రం మోచేతి దాకా చేతులు పెట్టించాను, దానికి మీటరు గుడ్డ పట్టింది. తిరుమల సుప్రభాతానికి ఇంకా చీకటి ఉండగానే క్యూలో ఉండాలి, కింద ఎంత ఎండ కాసినా ఆ వేళకు పైన చలే.

కలంకారీ జాకెట్టు గుడ్డ తీసుకెళ్లిన రోజు ముచ్చట ఒకటి చెప్పాలి. నేను చేతిపని అనుకుని కొన్న రెండు ముక్కలనూ అక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత చెదరకుండా నిలుస్తుంది. పాత ఇనుము, బెల్లం రోజుల తరబడి నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు వేస్తారు. ఆ పులిసిన వాసన కొత్తగుడ్డకు కొంతకాలం పోదు. ఒక ముక్కకు ఆ వాసన ఉంది, తిప్పి చూస్తే వెనక కూడా గీత కనబడుతోంది. రెండోది అచ్చు వేసిన మిల్లు గుడ్డ, వెనక పక్క పాలిపోయి ఉంది. పెడనలో చెక్క అచ్చులతో అద్దేదాన్నీ కలంకారీ అనే అంటారు, దానికీ చేతి శ్రమ ఉంది. కానీ నాకు కలంపని ధర పెట్టి అంటగట్టింది ఈ రెండూ కానిది. అక్క దాన్నీ కుట్టి ఇచ్చింది, “ఇది సబ్బేసి బాదుకోండి, ఏం కాదు. దాన్ని మాత్రం చల్లనీళ్లలో ఊరికే జాడించి నీడన వేయండి” అంటూ.

కుర్తాల పని తేలికగా అయింది. నా పొడవు అయిదడుగుల ఒక అంగుళం, కొన్నవన్నీ నలభై ఆరు అంగుళాలవి. వాటిని నలభై రెండుకు కత్తిరించి, మిగిలిన గుడ్డతో పక్క కుట్టులో జేబు పెట్టించాను. ఫోను పట్టే జేబు ఉన్న కుర్తాను ఆడపిల్ల ఎవరూ పారేయరు.

అక్క మాట వినకుండా నేను చేయించిన పని ఒకటి ఉంది, దాని గతి కూడా చెప్పడం న్యాయం. నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీరను పొడుగు కుర్తాగా మార్చమని పట్టుబట్టాను. చీరను వెలుతురుకు పట్టి చూపించి, మడతల దగ్గర పట్టు చచ్చిపోయిందని, కుట్టు దిగితే చీలుతుందని ఆమె ముందే చెప్పింది. ఇరవై ఏళ్లు ఒకే మడతలో పెట్టి ఉంచిన చీర అది. నేను వినలేదు, ఆమె అయిష్టంగానే కుట్టింది. మా బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి దాన్ని వేసుకెళ్లి చాప మీద కూర్చోగానే, మోకాలి మీదుగా కత్తితో కోసినట్టు నిలువునా చీలింది. మిగిలిన అంచును అక్కే జాగ్రత్తగా విప్పి ఒక తెల్లని నూలుచీరకు అతికి ఇచ్చింది, దానికి కూలి మాత్రం తీసుకోలేదు. మిగతా పట్టుచీరలను మూడు నెలలకోసారి మడత మార్చి, పాత పంచెలో చుట్టి పెట్టమనీ, కలరా ఉండలు జరీకి తగలనీయవద్దనీ చెప్పింది. కార్తీకమాసపు వానల్లో బీరువా తలుపు ఒకపూట తెరిచి ఉంచడం కూడా అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

ఇక లోపాలు. ఆమె చేతికి ఉన్న తెలివి ఆమె కంటికి లేదు. అంటే అమరిక విషయంలో ఆమె మాట వేదంలా తీసుకోవచ్చు గానీ అలంకరణ విషయంలో మాత్రం అసలు వినకూడదు. ఎంత సాదా గుడ్డ ఇచ్చినా బంగారు లేసు పెడదామా అంటుంది, వద్దని రెండుసార్లు చెప్పకపోతే పెట్టేస్తుంది. బూడిదరంగు ఇక్కత్ జాకెట్టు చేతులకు అలా పెట్టిన లేసును నేనే ఇంట్లో బ్లేడుతో విప్పుకున్నాను. వేసి చూసుకోవడానికి గది లేదు, ఇస్త్రీ బల్లకు అడ్డంగా కట్టిన దుప్పటి వెనకే మార్చుకోవాలి. బిల్లు ఇవ్వదు, ఒక రూళ్ల పుస్తకంలో పేరు, దాని పక్కన గుడ్డ ముక్క పిన్ను చేసి పెడుతుంది. ఆ ముక్క ఊడిపోయి నా మెరూన్ జాకెట్టు వేరొకరికి వెళ్లిపోతే, తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. వచ్చాక క్షమాపణ లాంటిదేమీ లేదు, “వాళ్లకు పట్టలేదంట” అని మాత్రం అంది. జీన్సు ముట్టదు, పిల్లల గౌన్లు కుట్టదు. పరికిణీ కుట్టించుకోవచ్చు గానీ కుచ్చిళ్లు లెక్కకు మించి పెడుతుంది.

ఆలస్యం గురించి వేరే చెప్పాలి. ఇచ్చిన తేదీకి బట్ట చేతికి రావడం నా అనుభవంలో మూడుసార్లు జరిగింది. శ్రావణమాసం వస్తోందంటే, వరలక్ష్మీవ్రతానికి నెల ముందే మెట్టు పక్కన ఒక అట్ట వేలాడుతుంది, కొత్త జాకెట్లు తీసుకోబడవు అని. ముహూర్తాల రోజుల్లోనూ అంతే. పెళ్లిబట్టలు కుట్టించుకోవాల్సిన వాళ్లు, తేదీ పక్కాగా కావాల్సిన వాళ్లు ఇంకో చోటు చూసుకోవడం మేలు. అనువైన కాలం ఆ అట్ట వేలాడకముందు ఆషాఢం, ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆమె తీరికగా కూర్చుని మాట్లాడుతుంది, ట్రయల్‌కు పట్టే అరగంటకు విసుక్కోదు. వెళ్లేటప్పుడు ఆది ఒక్కటే కాకుండా, మీరు ఎక్కువగా వాడే జత ఒకటి, అసలు వాడని జత ఒకటి పట్టుకెళ్లండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమెకు మీ సంగతి తొందరగా అర్థమవుతుంది.

ధరలు నేను ఇచ్చినవి చెబుతున్నాను. లైనింగ్ జాకెట్టు 450, లైనింగ్ లేనిది 250, సరిచేసేదాన్ని బట్టి 50 నుంచి 150, ఫాల్, పీకో కలిపి 120. కొత్త ఆదికి మూడు ట్రయల్స్ కలిపి 300 తీసుకుంది. ఆ బొటిక్‌లో ఒక్క జాకెట్టుకు పోసిన డబ్బుతో ఇక్కడ ఆదీ, రెండు లైనింగ్ జాకెట్లూ కుట్టించుకోవచ్చు. సందులోకి కారు రాదు, బండి కూడా మలుపులో పెట్టి నడవాలి. డబ్బు ఫోన్‌లో పంపవచ్చు.

గత నెల మొదట్లో ఇంకొక కలంకారీ జాకెట్టు ఇచ్చాను, ఇండిగో నీలం మీద నెమలి, వాసన చూసి సరేనన్నదే. గురువారం నాలుగింటికి రమ్మంది. ఆ గురువారం తర్వాత మరో రెండు గురువారాలు వెళ్లాయి. సందులోంచి వెళ్లినప్పుడల్లా మెట్టు మీద నిలబడి చూస్తున్నాను, ఎడమ గోడకు మూడో మేకుకు వేలాడుతూ ఉంది, చేతులు కుట్టేసింది, హుక్కులు ఇంకా కుట్టలేదు.